అద్దం ఇవతలి ఎండ

మా మరదలికి ఎండంటే భయం. పాముకో దొంగకో భయపడే మనుషుల్ని చాలామందిని చూశాను గానీ, పొద్దున్నే తలుపు తీయబోయి గడప మీద పడ్డ వెలుతురు చూసి అడుగు వెనక్కి వేసే మనిషిని ఈమెనొక్కదాన్నే చూశాను. నవ్వకండి. నేనూ మొదట్లో నవ్వాను, తర్వాత కసిరాను, ఆ తర్వాత ఆ భయం నాకూ పట్టుకుంది. ఆ భయం మధ్య పెరుగుతున్న నా మేనకోడలి కాళ్ల సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా మనసు కుదుటపడేట్టు లేదు.

మరదలంటే నా తమ్ముడి భార్య. పరదాలు కుడుతుంది. ముందు గదే ఆమె దుకాణం. గోడకి ఆనించి కుట్టు మిషను, మధ్యలో గుడ్డ పరిచి కత్తిరించే పెద్ద బల్ల, మూలన నిలబెట్టిన తానులు, వీధివైపు గోడంతా ఒకే పెద్ద అద్దం బిగించిన కిటికీ. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి కాబట్టి తక్కువ మాట్లాడుతుంది, ఆ లోటు నేను తీరుస్తుంటాను. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, మా తమ్ముడు పోయాక మిగతా సగం ఉద్యోగం కూడా నాకే వచ్చిందని నేను జోకు వేస్తుంటాను. ఆమె నవ్వదు. సూదులు గుచ్చుకుంటాయని నవ్వదో, నా జోకు బాగుండక నవ్వదో నాకు తెలీదు.

పనిలో మాత్రం ఆమెకి వంక పెట్టలేం. ఎవరైనా పాత పరదా తెచ్చి ఇలాంటిదే కావాలంటే, దాన్ని బల్ల మీద పరిచి మడతలు విప్పి చూసి, "మీ కిటికీ పడమటిది కదండీ?" అని అడుగుతుంది. వచ్చినవాళ్లు నోరు వెళ్లబెడతారు. అందులో మాయేమీ లేదు. అద్దం వైపున్న మడత ఎండకి వెలిసిపోతుంది, లోపలి మడత కొత్తగానే ఉంటుంది. ఏ మేరకు వెలిసిందో చూస్తే ఆ కిటికీకి ఎండ ఎటునుంచి వస్తుందో చెప్పేయొచ్చట. గుడ్డని ఎండ ఎలా తింటుందో ఆమెకి అంత బాగా తెలుసు, ఆ తెలివే మా కొంప ముంచింది.

మా తమ్ముడు ఇళ్లకీ గోదాములకీ పైకప్పు రేకులు బిగించేవాడు. పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగేవాడు. మా ఇంట్లో అందరిలోకి తెల్లటివాడు వాడే, కాసేపు ఎండలో నిలబడితే చాలు కందిపోయేవాడు. టోపీ పెట్టుకోరా అంటే, "నీడ రేకు కిందవాళ్లకి అక్కా, పైనున్నవాడికి కాదు" అని పళ్లికిలించేవాడు. ఒకసారి చెవి మీద పొక్కులాంటిది లేచింది. గోకితే రక్తం వచ్చేది, మానినట్టే మాని మళ్లీ లేచేది. ఎండ పొక్కే కదా అనుకున్నాం అందరం. మందుల షాపులో అడిగి ఏదో ట్యూబు రాశాడు. అది మామూలు పొక్కు కాదనీ, చర్మానికి వచ్చిన క్యాన్సరనీ తెలిసేసరికి మెడలోకి దిగిపోయింది. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసేవాళ్లకి ఇలా రావడం ఉంటుందని అప్పటి డాక్టరు ఒక మాట అన్నాడు. నాకు ఆరోజు ఏ మాటా వినపడలేదు. మా మరదలికి ఆ ఒక్క మాటే వినపడింది.

అప్పటికి గువ్వకి నడక కూడా సరిగా రాలేదు. గువ్వంటే వాళ్ల కూతురు, ఆ ముద్దుపేరు వాడే పెట్టాడు. వాడి రంగే వచ్చింది దానికి, బుగ్గ మీద వాడికున్నట్టే చిన్న పుట్టుమచ్చ. పోయినవాడి పోలిక మిగిలిందని నేను మురిసిపోయాను. మా మరదలు ఆ మచ్చని రోజూ వేలితో తడిమి, పెరిగిందేమోనని చూసేది.

ఆ తర్వాత ఇల్లు మూతపడింది. వెనక రబ్బరు పూత ఉండే మందపు గుడ్డ ఒకటుంటుంది, పగలు పడుకునేవాళ్లు కుట్టించుకుంటారు. దాంతో ముందు గది తప్ప అన్ని కిటికీలకీ పరదాలు కుట్టేసింది. పిల్ల రోజంతా లోపలి గదిలో దీపం వెలుతురులో ఆడుకునేది. బజారుకి వెళ్లాలన్నా, పార్కులో ఊయల ఊపాలన్నా పొద్దు వాలాకే. పగటిపూట ఎప్పుడైనా తప్పనిసరై బయటికి తీసుకెళ్తే తల నుంచి కాళ్లదాకా చుట్టేసేది. "ఎండలోకి వెళ్తే నాన్నకొచ్చిన పుండొస్తుంది" అని చెప్పి చెప్పి, పిల్లకి అది కంఠతా వచ్చేసింది. నేనెప్పుడు వెళ్లినా, "అత్తా, ఎండలో వచ్చావా? నీకు పుండొచ్చిందా?" అని నా చెవులు పట్టుకుని చూసేది.

నాకు ఒళ్లు మండిపోయేది. "పిల్లని పెట్టెలో పెట్టి తాళం వేస్తావా ఏమే? లోకంలో అందరూ ఎండలో తిరగట్లేదా?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను. ఆమె నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. ఏదో పెద్ద మాటే రాబోతోందని అప్పుడే అర్థమైంది నాకు.

"వదినా, ఆయన నా మొగుడైతే నీకు తోడబుట్టినవాడు. చెవికి కట్టు నువ్వూ మార్చావు. ఆ వాసన నువ్వూ చూశావు. మరి నీకెలా ధైర్యం వస్తోంది? ఆ ధైర్యం ఎక్కడ దొరుకుతుందో చెప్పు, నేనూ తెచ్చుకుంటాను."

పాము కరిచినవాడు తాడుని చూసినా భయపడతాడంటే, అది తాడేనని అరవడం తేలికే. నిజంగా పాము కరిచిన ఇల్లది.

గువ్వ నడక తేడాగా ఉందని ముందు చూసింది నేనే. ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ నడిచేది. మొదట్లో ముచ్చటపడి నవ్వాం. తర్వాత నాలుగడుగులు వేయగానే, "మోకాళ్లు నొప్పి, ఎత్తుకో అత్తా" అనడం మొదలుపెట్టింది. స్నానం చేయించి నిలబెడితే మడమలు కలిసేవి, మోకాళ్లు కలిసేవి కావు. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం, మా ఇంట్లో మొక్కే వంగిపోతోంది.

టీకా వేయించడానికి తీసుకెళ్లినప్పుడు అక్కడి నర్సు పిల్ల మణికట్లు పట్టుకు చూసింది, కాళ్లు చూసింది. "ఈ పిల్లకి ఎండ తగులుతోందా అమ్మా? తగలనివ్వండి, ఎముకలకి అవసరం. ఒకసారి డాక్టరుకి కూడా చూపించండి" అంది. ఎండలోకి పంపితే మొగుడికి పట్టిన గతి, పంపకపోతే కూతురి కాళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంటికి వచ్చాక మా మరదలు చెప్పులు విప్పకుండా గదిలో అలాగే నిలబడింది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ముందు గది కిటికీ పరదాలు పూర్తిగా పక్కకి లాగి ఉన్నాయి. అద్దం పక్కన చిన్న కుర్చీ. కుర్చీలో గువ్వ, చేతులూ కాళ్లూ బయటపడే పొట్టి గౌనులో, ఒళ్లో పరదా రింగుల డబ్బా పెట్టుకుని ఆడుకుంటోంది. ఒంటినిండా ఎండ. నా కళ్లని నేనే నమ్మలేకపోయాను.

"ఏమిటే ఇది? ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు?" అన్నాను.

"బయటి ఎండయితే కాల్చేస్తుంది వదినా. అద్దం ఇవతలికి వచ్చేసరికి దాని కోరలు ఊడిపోతాయి. చెయ్యి పెట్టి చూడు, గోరువెచ్చగా ఉంది" అంది. ఎన్నాళ్ల తర్వాతో ఆమె మొహంలో కాస్త తేట కనిపించింది.

"అద్దంలోంచి వచ్చేది పనికొస్తుందంటావా?"

"పనికిరాకపోవడమేంటి? అద్దం వెనక వేలాడే పరదాలే కదా వెలిసిపోయేది! అద్దంలోంచి ఎండ రాకపోతే నాకు పనెక్కడిది? గుడ్డకి తగిలింది పిల్లకి తగలదా?"

ఇంకేం అడుగుతాను? నాకా మాట భలే నచ్చింది. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం అన్నట్టున్న బతుకులో రెండిటికీ కోపం రాని దారి కనిపెట్టిందని, మా ఆయన దగ్గర గొప్పలు కూడా చెప్పాను. డాక్టరు దగ్గరికి వెళ్లే పని వెనకబడింది. ఎండ పడుతోంది కదా, కాళ్లు అవే సర్దుకుంటాయిలే అనుకున్నాం. పొద్దున్నే పిల్లని కుర్చీలో కూర్చోబెట్టడం, ఎండ జరిగినకొద్దీ కుర్చీ జరపడం, అదొక నియమంగా సాగింది. వానలు వచ్చి పోయాయి, చలికాలం వచ్చి పోయింది. మోకాళ్ల మధ్య సందు పెరుగుతూనే ఉంది. చూసి కూడా చూడనట్టే ఉన్నాం ఇద్దరం, ఒకరితో ఒకరు అనకుండా.

ఒకరోజు గువ్వ పీట మీంచి జారి పడింది. పీటంటే జానెడు ఎత్తు లేదు. పిల్లలు రోజుకి పదిసార్లు పడతారు, లేస్తారు. ఇది లేవలేదు. చెయ్యి కదిపితే కేకలు పెట్టింది. ఇద్దరం దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. మధ్యాహ్నపు ఎండ నడినెత్తిన ఉందన్న సంగతి ఆ వీధిలో మా మరదలికి గుర్తులేదు. నాకు మాత్రం గుర్తుంది, ఎందుకంటే ఆమె చున్నీ ఎక్కడో జారిపోతే తీసుకోవడానికి కూడా ఆగలేదు.

చెయ్యి విరిగింది. ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ చెయ్యి సంగతి పక్కనపెట్టి, కాళ్లకి కూడా తీయించింది, రక్తం పరీక్ష చేయించింది. మాట కరుకే గానీ పిల్లని ముట్టుకున్న చెయ్యి మెత్తన. కాగితాలు చూసి, "ఎముకలు మెత్తబడిపోయాయి. దీన్ని రికెట్స్ అంటారు. ఒంట్లో డి విటమిన్ దాదాపు లేదు. పిల్లని ఎండలోకి అసలు పంపరా మీరు?" అంది.

"పంపుతామండీ. రోజూ పొద్దున్నే. ఒక్కరోజు తప్పలేదు" అంది మా మరదలు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. నేనూ పక్కనుంచి తలూపాను.

డాక్టరమ్మకి అంతుపట్టలేదు. కాగితం మళ్లీ చూసింది, పిల్లని మళ్లీ చూసింది. "ఎక్కడ కూర్చోబెడతారు?"

"కిటికీ దగ్గరండీ."

"కిటికీ తెరిచి ఉంటుందా?"

"లేదండీ, అది తెరిచేది కాదు. పెద్ద అద్దం."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "చూడమ్మా, ఎండలో ఉండేవన్నీ ఒకే రకం కిరణాలు కావు. ఒంట్లో డి విటమిన్ తయారయ్యేది ఒక రకం వల్ల. అవి అద్దం దాటి రావు. అద్దం దగ్గరే ఆగిపోతాయి."

మా మరదలు ఒప్పుకోలేదు. పెద్ద డాక్టరన్న జంకు కూడా లేదు. "ఎలా ఆగిపోతాయండీ? నేను పరదాలు కుడతాను. అద్దం వెనకున్న గుడ్డ రంగు పోవడం రోజూ చూస్తాను. ఎండ రాకపోతే రంగెలా పోతుంది?"

"గుడ్డ రంగు తీసేసేది ఇంకో రకం. వాటిలో చాలావరకు అద్దం దాటుతాయి. మితిమీరితే చర్మాన్ని పాడుచేసే వాటిలో అవి కూడా ఉన్నాయి. ఎముకకి పనికొచ్చేవి మాత్రం దాటవు."

మా మరదలి చెయ్యి మెడలో టేపు కోసం వెతుక్కుంది, టేపు ఇంట్లోనే ఉండిపోయింది.

"అంటే..." అంది. "అంటే నేను ఇన్నాళ్లూ పిల్లకి మంచిది ఆపేసి, చెడ్డది మాత్రం ఒళ్లంతా పోశానా?"

"అంత మాట అనుకోకండి. పొద్దుటి ఎండలో కాసేపు కూర్చుంటే చర్మానికి ఏమీ కాదు. చర్మం బాగానే ఉంది, నేను చూశాను. ఎముకలకే అందాల్సింది అందలేదు."

అప్పుడు చెప్పింది మా మరదలు, మొగుడి సంగతంతా. చెవి మీది పొక్కు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆఖరుదాకా, ఒక్క సూదీ నోట్లో లేకుండా. మా తమ్ముడి గురించి ఆమె అంతసేపు మాట్లాడటం నేను వినలేదు ఎప్పుడూ. నా కళ్లు కారిపోతుంటే గువ్వ వీపు వెనక మొహం దాచుకున్నాను.

డాక్టరమ్మ అంతా విని మెల్లగా చెప్పింది. "మీ భయం ఉత్తిది కాదమ్మా. ఆయన ఏళ్లపాటు రోజంతా ఎండలో మాడాడు, మీ పిల్లకి కావాల్సింది కాసేపు. రెండూ ఒకటి కాదు. ఇప్పుడు అసలు మందు ఈ చుక్కలు, తప్పకుండా వేయండి. ఎండ దానికి తోడు మాత్రమే. కానీ ఈ కాళ్లు బలపడాలంటే పిల్ల బయటికి రావాలి, నడవాలి, గెంతాలి, తోయాలి, లాగాలి. కందేదాకా ఉంచకండి. ఎక్కువసేపయితే టోపీ పెట్టండి. మళ్లీ ఎక్స్‌రే తీద్దాం. వంపు తగ్గుతుంటే సరే, పెరుగుతుంటే ఆపరేషన్ గురించి ఆలోచించాలి."

"ఎంతసేపు ఉంచాలండీ? సరిగ్గా చెప్పండి."

"గీత గీసినట్టు చెప్పలేనమ్మా. ఒంటి రంగుని బట్టి, కాలాన్ని బట్టి, పొద్దుని బట్టి మారుతుంది. కొంచెంసేపు."

కొంచెం! వేలెడు తేడా వస్తే పరదా మొత్తం విప్పి మళ్లీ కుట్టే మనిషికి కొంచెమంటే ఏం తెలుస్తుంది? ఇంటికి వచ్చాక ఆమె నన్ను అడిగిందే అడిగింది. "కొంచెమంటే టీ తాగినంతసేపా వదినా? బట్టలు ఆరేసినంతసేపా? కొంచెం దాటిందని ఎలా తెలుస్తుంది? ఆయనకి ఏ రోజు దాటిందో ఎవరికి తెలిసింది?"

చుక్కలు మాత్రం ఒక్క పూట తప్పకుండా వేసింది. బయటికి తీసుకెళ్లడమే చేతకాలేదు. పెరటి తలుపు తీసేది, పిల్లని చంకనెత్తుకుని గడప దాకా వెళ్లేది, మబ్బు పట్టేట్టుందనో పొయ్యి మీద పాలున్నాయనో ఏదో ఒకటి చెప్పి వెనక్కి వచ్చేసేది. నేను అరవబోయి ఆగిపోయేదాన్ని. తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు దగ్గరపడుతోంది. రాత్రిళ్లు నా మంచం మీద నాకు ఆ ఎక్స్‌రేలో విల్లులా వంగిన తెల్లటి ఎముకలే కనిపించేవి. మా తమ్ముడుంటే ఈపాటికి పిల్లని భుజాన వేసుకుని వీధులన్నీ తిప్పేవాడు. ఉంటే అసలీ గొడవే ఉండేది కాదనుకోండి.

ఒకరోజు తెల్లారగానే వెళ్లి కూర్చున్నాను. "ఇవాళ పాలు పొంగిపోనీ, ఇల్లు తగలబడనీ, పిల్ల పెరట్లోకి వెళ్లాల్సిందే" అన్నాను. మా మరదలు తలుపు తానే తీసింది. పెరడంటే చిన్న సిమెంటు గచ్చు, బట్టలారేసే తీగ, ఓ పక్కన నీళ్ల తొట్టి. ఎండ సగం గచ్చు మీదకి వచ్చి ఉంది. "పద తల్లీ" అని గువ్వ చెయ్యి పట్టుకుంది.

ఈసారి రానన్నది గువ్వ.

బాగున్న చేత్తో తలుపు చట్రం కరిచిపట్టుకుంది. "నేను రాను. పుండొస్తుంది."

"రాదమ్మా" అంది మా మరదలు.

"వస్తుందని నువ్వే చెప్పావుగా!"

నేను బుజ్జగించాను. బొమ్మ కొంటానన్నాను, కోతిలా గెంతి చూపించాను, ఈ వయసులో నా మోకాళ్లు పట్టేసేదాకా. అది నన్ను చూసి కూడా నవ్వలేదు. లాగబోతే గుక్కపట్టి ఏడుపు అందుకుంది. కన్నతల్లి నాలుగేళ్లుగా పోసిన భయం, నా కోతి గంతులకి పోతుందా?

మా మరదలు పిల్లని వదిలేసింది. ఒక్కతే మెట్టు దిగింది. ఎండలోకి వెళ్లి గచ్చు మధ్యలో నిలబడింది. తల మీది గుడ్డ తీసేసింది. చేతులు మోచేతుల పైదాకా ఎగదోసుకుంది. పైకి చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. తన చేతుల్నే చూసుకుంటోంది, ఎక్కడినుంచి ఏం లేస్తుందోనన్నట్టు.

"అమ్మా, లోపలికి రా" అంది గువ్వ.

ఆమె రాలేదు.

"అమ్మా! ఎండ! లోపలికి రా!"

పిల్ల మొహం పాలిపోయింది. నావైపు చూసింది, నేనూ కదల్లేదు. కదలాలనిపించింది, నిజం చెబుతున్నాను, వెళ్లి ఆ తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ ఇంట్లోకి లాక్కొచ్చి తలుపేసేయాలనిపించింది. పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. గువ్వ చట్రం వదిలింది. మెట్టు మీద కూర్చుని జారి, కిందికి దిగింది. కట్టు కట్టిన చెయ్యి పొట్టకి ఆనించుకుని, అటూ ఇటూ ఒరుగుతూ, ఆ వంకర కాళ్లతో నీడ దాటి ఎండలోకి వెళ్లిపోయింది. వెళ్లి తల్లి బట్ట పట్టుకుని ఇంటివైపు లాగడం మొదలుపెట్టింది.

"నాన్నలాగా అయిపోతావు! రా! రా అమ్మా!"

మా మరదలు వంగి ఎత్తుకోలేదు. తన నీడలోకి తీసుకోలేదు. కాళ్లు గచ్చుకి నిగడదన్ని, ఏడుస్తూనే, "గట్టిగా లాగు తల్లీ, నేను రావట్లేదు, ఇంకా గట్టిగా లాగు" అంది. గువ్వ మడమలు నేలకి తన్నిపెట్టి, రెండు మోకాళ్లూ వంచి, ఉన్న బలమంతా పెట్టి తల్లిని లాగుతూనే ఉంది.